బరాబర్‌కు ముందున్న మాట

మా సారు పోయాడన్న కబురు శనివారం పొద్దున ఫోన్లో వచ్చింది. చేసింది ఆయన బిడ్డ. "నాయిన పోయిండు కాకా. పొద్దుగాల ఆరింటికి, ఐదు నిమిషాలు ఇటో అటో" అంది. కన్నతండ్రి చావు కబురు చెబుతూ కూడా ఆ పిల్ల "ఇటో అటో" అనడం మానలేదు. పిల్ల అంటున్నాను గానీ ఆమెకూ అరవై దగ్గర పడ్డాయి. అది ఆ ఇంటి అలవాటు. ఆ ఇంట్లో ఎవరూ ఏ అంకెనూ ఒంటరిగా పలకరు.  

మరునాడు ఆదివారం నేను తొర్రూరు నుంచి మొగుళ్లపల్లికి ఆయన దగ్గరికే పోవాలి. చొక్కా ఇస్త్రీ చేయించి మేకుకు తగిలించాను కూడా. ఆయనకు ఒక మాట చెప్పాల్సి ఉంది. నిన్నమొన్నటిది కాదు, అరవై ఏళ్లనాటి మాట. చెప్పకుండా అరవై ఏళ్లు దాటేసిన ఘనుణ్ణి, ఒక్క రోజు ఆలస్యానికి ఎవరిని తిట్టుకోను? అదే చొక్కా వేసుకుని శవయాత్రకు పోయాను.

ఇక ఆయనకు చెప్పే వీలు లేదు కనుక మీకు చెబుతున్నాను. మీరు విని చేసేదేమీ ఉండదని తెలుసు. అయినా వినండి.

రజాకార్ల కాలంలో మా సారు జనగామలో తామీరాత్ పరీక్ష గదిలో పనిచేసేవాడు. తామీరాత్ అంటే రోడ్లు, వంతెనలు, చెరువు తూములు కట్టించే నిజాం ప్రభుత్వ శాఖ. కట్టడానికి వచ్చే ఇటుక, సున్నం, ఇనుము గట్టివో కావో తేల్చడం ఆ గది పని. స్టేషన్‌కు పోయే దారిలో రేకుల కప్పు కింద ఒకటే గది. ఒక మూల నీళ్ల తొట్టిలో నానుతున్న ఇటుకలు, ఒక మూల సున్నం ముద్దలు, మధ్యలో ఇనుము పరీక్షించే మర. సారు మిషన్ బడిలో చదువుకున్న క్రైస్తవుడు. లెక్కల్లోనూ ఉర్దూలోనూ దిట్ట. నేను ఆయన చేతికింద నకలు రాసే గుమస్తాను. ఆయన చిత్తు రాస్తే నేను దాన్ని సర్కారు ఫారం మీద శుభ్రంగా ఉర్దూలో ఎక్కించాలి. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు, కొత్తగా పెళ్లయింది, చేతిరాత అందంగా ఉంటుందని మహా గర్వం. ఆయన నాకంటే పదేళ్లకు పైగా పెద్ద. నన్ను "తమ్మి" అని పిలిచేవాడు, చివరిదాకా అలాగే పిలిచాడు.

ఆ మర సంగతి కొంచెం చెప్పాలి. ఇనుప ముక్కను కింద బిగించి, దాని మీద ఒక ఉక్కు గోళీ పెట్టి, పైనుంచి మీటకు తూకపు గుండ్లు వేలాడదీస్తే గోళీ ఇనుములోకి కొద్దిగా దిగుతుంది. తీశాక చిన్న గుంట మిగులుతుంది. గీతలున్న భూతద్దంతో ఆ గుంట వెడల్పు కొలవాలి. గుంట చిన్నదైతే ఇనుము గట్టిది, పెద్దదైతే మెత్తనిది. ఆ వెడల్పును బట్టి ఒక అంకె వస్తుంది. ఇంతే విద్య.

చేరిన వారంలో సారు నాతో ఒక గుంటను కొలిపించాడు. నేను కొలిచి ఠపీమని అంకె చెప్పాను. "మల్ల కొలువు" అన్నాడు. కొలిచాను. అంకె కొంచెం మారింది. ఇంకోసారి అన్నాడు, ఇంకొంచెం మారింది.  ఐదుసార్లు కొలిస్తే ఐదు అంకెలు వచ్చాయి. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను.

"తప్పైంది సార్, నాకు చేతనైతలేదు" అన్నాను.

ఆయన నవ్వి భూతద్దం తన కన్నుకు పెట్టుకున్నాడు. ఆయనకూ ఐదు అంకెలు వచ్చాయి. అవన్నీ కాగితం మీద వరసగా రాసి చూపించాడు.

"సూసినవా? ఇది తప్పు కాదు తమ్మి. తప్పు వేరే, అనుమానం వేరే. గుండు ఒకటి మర్చిపోతే తప్పు. అది దిద్దుకోవచ్చు. ఇదేమో దిద్దేది కాదు. మర కొంత సతాయిస్తది, కన్ను కొంత సతాయిస్తది, ఇనుము గూడ ఒక్కతాన ఒక్కతీరుగ ఉండది. ఎంత కొలిచినా గింత అనుమానం మిగుల్తది. దాన్ని దాచొద్దు. గింత అని చెప్పాలె, గంతే."

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థమయ్యేసరికి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ సంగతికి వస్తాను.

సారు ఇంట్లోనూ అంతే. టైమెంత అంటే "పదకొండు, ఐదు నిమిషాలు ఇటో అటో." బావి ఎంత లోతంటే "ఆరు నిలువులు, మూరెడు ఇటో అటో." వాళ్లావిడను నేను అక్కా అనేవాణ్ణి. ఆమె సద్ది గిన్నె ఇచ్చి పోయేందుకు వచ్చినప్పుడల్లా ఆయన్ను ఆటపట్టించేది. "మీ సారును పిల్లలెందరని అడుగు తమ్మి, ఇద్దరు, ఒకలు ఇటో అటో అంటడు" అనేది. ఆయన సిగ్గుపడి తల వంచుకుని ఇటుక తూచుకునేవాడు. వయసు అడిగితే మాత్రం నిజంగానే చెప్పలేకపోయేవాడు. "బడిల ఏసేటప్పుడు పంతులు ఏదో తారీకు రాసిండు. మా అవ్వకేమో కరువు పోయినంక వచ్చిన వానకాలమని యాది. నా పుట్టుకే అందాజ, ఇంక నేను దేన్ని కచ్చితమని చెప్పాలె?" అనేవాడు.

అలాంటి మనిషి చిత్తు రాస్తే ప్రతి అంకెకూ ముందు ఒక మాట పెట్టేవాడు. తక్రీబన్. ఉర్దూలో సుమారుగా, దాదాపుగా అని అర్థం. ఎంత సుమారో కూడా కింద సన్నగా రాసేవాడు. సర్కారు ఫారంలో దానికి చోటు లేదు. మూడే ఖానాలు, మూడే గళ్లు. సరుకు పేరు, అంకె, ఫలితం. ఆ ఖానాలు గీసిన మహానుభావుడికి జీవితంలో ఏ అనుమానమూ వచ్చినట్టు లేదు.

ఒకసారి ఇటుకల రిపోర్టు ఇంజనీరు సాబ్ దగ్గరినుంచి వాపసు వచ్చింది. తక్రీబన్ కింద ఎర్ర గీత. గీత పక్కన "పరీక్ష చేసింది తెలుసుకోవడానికా, తెలియదని చెప్పడానికా?" అని ఒక రాత. ఆ రోజు నుంచి నకలులో ఆ మాట రాయొద్దని నాకు హుకుం. నేను రాయడం మానేశాను. సారు మాత్రం దస్తఖత్, అంటే సంతకం, పెట్టే ముందు కాగితం అంతా చదివి, అంకె పైన రెండు గీతల సందులో, చీమతలంత అక్షరాలతో, ఆ మాటను తన చేత్తో కలిపేవాడు. పైవాళ్లు దాన్ని చూసేవాళ్లు కాదు, ఆయన రాయడం మానేవాడు కాదు. నేను వదిలేయడం, ఆయన కలపడం. కొన్ని నెలలు మా ఇద్దరి మధ్య అలా నడిచింది.

అది ఊళ్లు ఊళ్లుగా తిరగబడుతున్న కాలం. దొరల గడీల మీదికి జనం పోతున్నారు, ఊళ్లలో సంఘం, అడవుల్లో దళాలు. ఇటు రజాకార్లూ పోలీసులూ కలిసి ఊళ్లను తగలబెడుతున్నారు. మేము ఇటుకలు నానబెట్టుకుంటూ కూర్చున్నాం. సంఘం వాళ్లమూ కాము, సర్కారు పక్షమూ కాము, జీతగాళ్లం. అలా చెప్పుకుంటే భయం కాస్త తగ్గేది.

మానుకోట దిక్కున, ఇప్పుడు మహబూబాబాద్ అంటున్నాం, ఎవరో రైలు పట్టాలు ఊడదీశారు. పోలీసులు చుట్టుపక్కల ఊళ్లు గాలించి, ఒక ఊళ్లో ఒక కమ్మరిని పట్టుకున్నారు. ఆయన కొలిమి దగ్గర కొత్తగా సాగగొట్టిన ఇనుప ముక్కలు దొరికాయట. పట్టా ఇనుము కాల్చి దళానికి బరిసెలు చేస్తున్నాడని వాళ్ల మాట. కాదు, తొర్రూరు అంగట్లో అరిగిపోయిన గడ్డపారలు కొని నాగలి కర్రులు చేస్తున్నానని ఆయన మాట. అక్కడి అమీన్ సాబ్, అంటే పోలీసు అధికారి, ఏ బుద్ధి పుట్టిందో ఏమో, రెండు ముక్కలు మా గదికి పంపాడు. ఒకటి పట్టాది, ఒకటి కొలిమిది. రెండూ ఒకటే ఇనుమా కాదా తేల్చి రాసివ్వమన్నాడు.

ఆ రెండు ముక్కల మీద సారు రెండు రోజులు పడ్డాడు. ఒక్కో ముక్క మీద తావు తావున గుంటలు వేసి, తాను కొలిచి, నాతో కొలిపించి, పొద్దున కొలిచింది మళ్లీ మధ్యాహ్నం కొలిచాడు. రెండు ముక్కల అంకెలూ దగ్గర దగ్గరగానే వచ్చాయి. అనుమానం కలిపి చూస్తే ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతున్నాయి. అప్పుడాయన ఎవరూ అడగని పని ఒకటి చేశాడు. జనగామ బజారుకు పోయి ఒక పాత గడ్డపార తెచ్చి దాన్నీ మర కింద పెట్టాడు. అదీ ఆ రెండింటిలోనే కలిసిపోయింది.

భూతద్దం గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు.

"తమ్మి, పట్టా ఇనుమైనా కావొచ్చు, గడ్డపారైనా కావొచ్చు. ఈ మర చెప్పలేదు. నేను గూడ చెప్పలేను" అన్నాడు.

"మరి ఏం రాద్దాం సార్?"

"చెప్పలేమనే రాద్దాం."

చిత్తులో అంతా వివరంగా రాశాడు, గడ్డపార సంగతితో సహా. కానీ ఫలితం ఖానాలో రెండు మాటలకు మించి పట్టవు. అందుకని అక్కడ "తక్రీబన్ బరాబర్" అని పెట్టాడు. దాదాపు సమానం అని. అంకెలు దగ్గరగా ఉన్నాయి, అంతకు మించి తెలియదు అని చెప్పడానికి ఆ మొదటి మాటే ఆధారం. ఇంటికి పోయేముందు నాతో ప్రత్యేకంగా చెప్పాడు. "రోజూ ఇడిసినట్టు రేపు ఇడువకు తమ్మి. ఇంజనీరు సాబ్ ఏమన్న అంటే నా పేరు జెప్పు. ఆ మాట పోతే మనిషి పోతడు."

బరాబర్ అన్న మాట మనవాళ్లకు చెప్పక్కర్లేదు. రేపు వస్తావా అంటే బరాబర్ వస్తా అంటాం. అంటే ఇక అనుమానం లేదని. ముందు తక్రీబన్ ఉంటే తెలియదని అర్థం, తీసేస్తే ముమ్మాటికీ అదే అని అర్థం.

మరునాడు పొద్దున నేను తొందరగా పోయి నకలు రాశాను. తక్రీబన్ అని అందంగా, కొంచెం పెద్ద అక్షరాలతోనే రాశాను. సిరా ఇంకా ఆరలేదు, అమీన్ సాబ్ వచ్చాడు. వెంట తుపాకులతో ఇద్దరు రజాకార్లు. సారు ఇంకా రాలేదు. అమీన్ నా భుజం మీదుగా వంగి కాగితం చదివాడు. ఆ మాట మీద వేలు పెట్టి, "యే క్యా హై?" అన్నాడు.

ఇది ఏమిటి అని అడిగాడు, అంతే. కోప్పడలేదు, తీసెయ్యమనలేదు. నిజంగానే తెలియక అడిగాడేమో కూడా. సారు నాకు నెలల తరబడి నేర్పింది చెప్పడానికి అంతకు మించిన సమయం ఉండదు. నా నోటి నుంచి మాత్రం ఇంకొక మాట వచ్చింది.

"గల్తీ, సాబ్" అన్నాను. పొరపాటు అని.

అనుమానాన్ని తప్పు అన్నాను. ఆ కాగితం చించి, ఇంకో ఫారం తీసి, చెయ్యి వణకకుండా, ఫలితం ఖానాలో బరాబర్ అని ఒక్క మాట రాశాను. అమీన్ కుర్చీలో కూర్చుని సిగరెట్ కాల్చుకున్నాడు.

కాసేపటికి సారు వచ్చాడు. సలాం చేసి, కాగితం తీసుకుని, ఎప్పటిలాగే దస్తఖత్‌కు కలం ముంచాడు. నేను గోడవైపు తిరిగి ఇటుకల తొట్టిలో నీళ్లు చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆయన ఎప్పటిలా చదువుతాడు, సందులో ఆ మాట కలుపుతాడు, నా పాపం గట్టెక్కుతుంది అనుకున్నాను. కలం గీరిన చప్పుడు ఒక్కసారే వినిపించింది. తిరిగి చూసేసరికి అమీన్ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. సారు కంగారులో చదవలేదని అనుకున్నాను. అలా అరవై ఏళ్లు అనుకున్నాను.

నాలుగో రోజుకు కబురు తెలిసింది. కమ్మరాయన్ను ఊరి బయట చెరువు కట్ట దగ్గర కాల్చేశారు.

ఆ మాట ఉండి ఉంటే ఆయన బతికేవాడా? నాకు తెలియదు. ఆ రోజుల్లో కాల్చడానికి వాళ్లకు కాగితాలు కావాలా? కాగితం లేకుండానే ఎన్ని ఊళ్లలో ఎందరిని కాల్చలేదు? ఇలా నాకు నేను చెప్పుకుంటాను. మరి కాగితం అవసరం లేనివాడు ముక్కలు పంపి రెండు రోజులు ఎందుకు ఆగాడు? ఇదీ చెప్పుకుంటాను. ఇటు కొంత, అటు కొంత. ఎంతో చెప్పడానికి ఏ భూతద్దమూ లేదు.

ఆ తర్వాత సారు నన్ను ఒక్క మాట అనలేదు. గొంతు కూడా పెంచలేదు. తిడితే కాళ్ల మీద పడి చెప్పేసేవాణ్ణేమో. ఆయన తిట్టడని తెలిసి ఊరుకున్నానేమో కూడా.

మిలిటరీ వచ్చి రజాకార్లు పోయాక, సారు నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి పోయాడు. కొలిమి చల్లారి ఉంది. తిత్తి ఎలుకలు కొట్టేశాయి. కమ్మరాయన భార్య మాకు నీళ్లిచ్చి గడప దగ్గర కూర్చుంది. జనగామ పరీక్ష గది వాళ్లమని సారే చెప్పాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని అడిగింది.

"మా ఇనుము మీ మిషన్ల ఏమన్నది సారూ?"

సారు చేతిలో నీళ్ల చెంబు అలాగే ఉండిపోయింది.

"ఏమనలేదవ్వా. మీ ఇనుము ఏమనలేదు" అన్నాడు.

"మరి ఎవలన్నరు?"

ఆయన చెంబు కింద పెట్టాడు. నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. ఎవరన్నారో నాకు తెలుసు. నేల మీద గీతలు గీస్తూ కూర్చున్నాను. ఆమె పోయేదాకా సారు ఏటా ఆ ఊరికి పోయి వచ్చేవాడు. తనకు పొలం లేకపోయినా, కొలిమి మళ్లీ వెలిగించిన ఆమె తమ్ముడి దగ్గర ఒక కొడవలో పారో చేయించుకుని వచ్చేవాడు. నన్ను రమ్మని మళ్లీ పిలవలేదు, నేనూ వస్తానని అనలేదు.

తరువాత నేనూ వేరే ఊళ్లలో పరీక్ష గదుల్లోనే పనిచేసి రిటైరయ్యాను. నేర్చుకున్న పని అదొక్కటే. నా చేతికింద పనిచేసిన వాళ్లకు సారు మాటలే చెప్పాను, నా సొంతమైనట్టు. తప్పు వేరే, అనుమానం వేరే అని. చెప్పిన ప్రతిసారీ దగ్గేవాణ్ణి. నాకు ఆస్తమా అనుకునేవాళ్లు.

అక్క పోయాక సారు మొగుళ్లపల్లిలో బిడ్డ దగ్గర ఉండిపోయాడు. చూపు తగ్గింది గానీ బుర్ర చురుగ్గానే ఉండేది. ఈ మధ్య చూడ్డానికి పోతే, చెల్పూరులో కరెంటు కార్ఖానా కడుతున్నరు, అక్కడ కాంక్రీటు పరీక్ష ఎట్ల చేస్తున్నరో సూద్దాం పా అని పట్టుబట్టాడు. అక్కడ పనిచేసే కుర్రాడొకడు వాళ్ల ఇంటి పక్కనే ఉంటాడు. అతన్ని పట్టుకుని, ఆటో మాట్లాడుకుని పోయాం.

ల్యాబ్ అంటే చల్లటి గది. ఒక అమ్మాయి, ములుగు దిక్కు పిల్లట, కాంక్రీటు దిమ్మను మర కింద పెట్టి మీట నొక్కింది. దిమ్మ పగిలింది. తెర మీద అంకె వెలిగింది. సారు కర్ర మీద వంగి ఆ అంకెను చూసి అడిగాడు.

"బిడ్డా, ఇది కచ్చితమా?"

"కచ్చితం ఎట్లుంటది తాతా? ఇగో" అంటూ ఆ అమ్మాయి రిపోర్టు తీసి చూపించింది. అంకె పక్కన ఇంకొక ఖానా. అందులో పైన ప్లస్సు, కింద మైనస్సు, దాని పక్కన చిన్న అంకె. "దీన్ని అన్‌సర్టెన్టీ అంటరు. ఇటు ఇంత, అటు ఇంత. ఇది రాయకుంటే పైనోళ్లు రిపోర్టు వాపస్ పంపుతరు."

"రాయకుంటే వాపస్ పంపుతరా?" అన్నాడు సారు.

"అవ్ తాతా. రాయకుంటే."

సారు ఆ కాగితం కళ్ల దగ్గరికి తెచ్చుకుని, ఆ ఖానా గీతల వెంబడి గోరుతో నాలుగు దిక్కులా తడిమాడు. "ఖానా పెట్టిండ్లు తమ్మి. దీనికంటూ ఖానా పెట్టిండ్లు" అన్నాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ అమ్మాయి బెదిరిపోయి కుర్చీ తెచ్చింది.

అదే ఆటోలో తిరిగి బయల్దేరాం. చెల్పూరు దాటాక సారు నా వైపు తిరగకుండా అన్నాడు.

"ఆ పొద్దు నేను సదివిన తమ్మి."

నాకు వెంటనే అర్థమైంది. అయినా "ఏ పొద్దు సార్?" అన్నాను.

"నీ రాతల ఆ మాట లేదు. రోజూ ఇడిసే అలవాటు గద, చెయ్యి అట్లనే పోయి ఉంటది. అది నీ తప్పు గాదు. నేను సూసిన. కలపాలనే కలం ముంచిన. అమీన్ బూట్లు కనవడ్డయి. ఒక్క మాట తమ్మి, రాయనీకి ఎంతసేపు? నేను రాయలే. ఇన్నేండ్లు నువ్వు నీదే తప్పనుకుంటున్నవేమో అని చెప్తున్న. నీది గాదు. నాది."

అప్పుడు నేను చెప్పాలి. సార్, నేను అలవాటుకొద్దీ వదిలేయలేదు, మీరు చెప్పినట్టే రాశాను, రాసింది నా చేత్తో నేనే చించేశాను, ఆయన అడిగితే గల్తీ అన్నాను అని చెప్పాలి. ఆటో గుంతల్లో ఎగురుతోంది. ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. తొంభై ఏళ్ల మనిషి నన్ను ఓదారుస్తున్నాడు. నేను నోరు తెరిచి, "ఎండ బాగున్నది సార్, తలకు తువ్వాల కట్టుకోండ్రి" అన్నాను.

ఇంటికొచ్చాక రెండు వారాలు కుమిలిపోయి, ఆదివారం పోయి చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. శనివారం ఫోను వచ్చింది. ఆ తప్పంతా తనదే అనుకుంటూ పోయాడాయన. ఆ బరువులో సగం దించగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే, దించలేదు.

నలభై రోజుల కూడికకు మళ్లీ మొగుళ్లపల్లి పోయాను. పాస్టరు ప్రార్థన అయ్యాక అందరం సమాధి దగ్గరికి నడిచాం. కొత్తగా నాపరాయి పలక నిలబెట్టారు. దాని మీద సారు పేరు, పోయిన తారీకు, దాని కింద "వయసు 91 సం." అని చెక్కి నల్లరంగు నింపారు. ఆ అంకె ఒంటరిగా ఉంది.

రాయి చెక్కిన ఆయన అక్కడే ఉన్నాడు. ఆయన్ను పక్కకు పిలిచి, 91కి ముందు ఇంకొక మాట పడుతుందా అని అడిగాను.

"ఏం మాట సార్?"

"సుమారు అని."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సమాధి మీద సుమారు ఏంది సార్? ఎవ్వలు రాపియ్యరు. అయినా సూడుండ్రి, వయసుకు అంకెకు నడుమ జాగేది? వేలు గూడ పట్టది."

నిజమే. పట్టదు. అందరూ భోజనాలకు లేచాక నేను అక్కడే ఉండి, ఆ పక్క బడి పిల్లల దగ్గర అడిగి తెచ్చుకున్న సుద్దముక్క తీశాను. మోకాళ్లు మొరాయించినా ఎలాగో వంగి, అంకె పైన, రెండు వరుసల సందులో, ఆయన రాసినట్టే చీమతలంత అక్షరాలతో, ఉర్దూలో తక్రీబన్ అని రాశాను. చేతిరాత మునుపటంత అందంగా లేదు.

సారు బిడ్డ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. "ఏం రాస్తున్నవ్ కాకా?" అంది.

ఇప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

"మీ నాయిన మాట బిడ్డా. యాదికొచ్చి రాసిన" అన్నాను.

"వాన వచ్చేటట్టున్నది, పా కాకా, తడుస్తవ్" అని నా రెక్క పట్టుకుని లేవదీసింది. నాలుగు అడుగులు వేశామో లేదో చినుకులు మొదలయ్యాయి. వెనక్కి తిరిగి చూశాను. సుద్ద తడిసి, ఆ మాట అక్షరం వెంట అక్షరం జారి 91 మీదికి తెల్లగా కారుతోంది.